చెరువులో దిగిన నౌక: తెరకెక్కని ఒక స్క్రిప్టు కథ

2009లో నేను అమీర్‌పేటలో కోర్సులు చేస్తూ హాస్టల్లో ఉన్నప్పుడు, ఇంజనీరింగ్‌లో నా బెంచ్‌మేట్ ఒకడు కృష్ణానగర్‌లో గది తీసుకుని సినిమా కథ రాస్తుండేవాడు. నేను ఆదివారం పొద్దున్నే వెళ్తే ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి మొదటి సీను నుంచి చివరి సీను దాకా చెప్పేవాడు. చెప్పడం అంటే చెప్పడం కాదు, నేపథ్య సంగీతం కూడా నోటితోనే వాయించేవాడు. ఒక చాయ్ కాస్తా నాలుగు చాయ్‌లయ్యేవి. చివరికి ఒక డీటీపీ షాపులో అను ఫాంట్స్‌లో టైపు చేయించి, స్పైరల్ బైండింగు వేయించాడు. నూట పన్నెండు పేజీలు. నాకూ ఒక జెరాక్స్ కాపీ ఇచ్చాడు. ఆ కాపీ నాతో పాటు పూణేకి, అక్కణ్ణుంచి డాలస్‌కి, ఇప్పుడు ఇక్కడ శాన్ హోసేకి వచ్చింది.

వాడు ఆ కథని ఒక ఆఫీసులో మూడుసార్లు వినిపించాడు. బాగుందన్నారు, సెకండాఫ్ మార్చమన్నారు, మార్చాడు. తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు. రెండేళ్లకి వేరే పేరుతో, వేరే వాళ్ల పేర్లతో ఒక సినిమా వచ్చింది. కథ వీడిది కాదు. కానీ ఇంటర్వెల్ సీను వీడిదే అంటాడు. నేను రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నిజం చెప్పాలంటే నాకు తేలలేదు. పోలిక ఉంది. కాపీయేనని ఒట్టు వేసి చెప్పలేను. ఆ మాటే వాడితో అన్నాను. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య ఆ స్క్రిప్టు గురించి మాట ఆగిపోయింది. పెళ్లిళ్ల గురించి, పిల్లల గురించి, వీసాల గురించి మాట్లాడుకుంటాం. దాని గురించి మాట్లాడుకోం.

మొన్న లాంగ్ వీకెండ్‌కి ఇల్లు సర్దుతుంటే ఆ స్పైరల్ పుస్తకం మళ్లీ బయటపడింది. అదే రోజుల్లో నేను సత్యజిత్ రాయ్ ‘ది ఏలియన్’ గురించి చదువుతున్నాను. అందుకని ఈ పోస్టు.

రాయ్ సినిమాలు చూసినవాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి పూర్తిగా తెలియదు. హాలీవుడ్ డబ్బుతో, బెంగాల్ పల్లెటూళ్లో, గ్రహాంతరవాసి మీద ఆయన తీయాలనుకున్న సినిమా ఇది. 1967లో స్క్రిప్టు పూర్తయింది. ఒక్క షాటు కూడా తీయలేదు. ఏం జరిగిందన్నది రాయ్ స్వయంగా 1980లో స్టేట్స్‌మన్ పత్రికలో రాశారు. ఆ స్క్రిప్టు, ఉత్తరాలు, వ్యాసం అన్నీ కలిపి 2018లో పుస్తకంగా వచ్చాయి. అంటే రాసిన యాభై ఏళ్లకి.

ఈ కథకి మొలక ఇంకా ముందుది. రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ 1913లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రిక పెట్టారు. మధ్యలో ఆగిపోయిన ఆ పత్రికని 1961లో రాయ్ తన కవి మిత్రుడు సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి మళ్లీ మొదలుపెట్టారు. మన చందమామ, బాలమిత్ర లాగా అనుకోండి, కాస్త అల్లరి ఎక్కువ. పత్రిక పెట్టాక పేజీలు నింపాలి కదా. అలా సినిమా దర్శకుడు కాస్తా పిల్లల కథకుడయ్యాడు. 1962లో అందులో ‘బంకుబాబు స్నేహితుడు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక కథ రాశారు. బంకుబాబు ఊళ్లో ప్రైమరీ స్కూలు మాస్టారు, నోట్లో నాలుక లేని మనిషి. సాయంత్రాలు ఊరి పెద్దమనుషుల అడ్డాలో కూర్చుంటే అందరూ ఆయన్ని ఏడిపించేవాళ్లే. ఒక రాత్రి వెదురుతోపులో ఆయనకి వేరే గ్రహం నుంచి వచ్చిన జీవి కనబడుతుంది. దారి తప్పి భూమ్మీద దిగింది. అది ఎవరినీ చంపదు, ఏ నగరాన్నీ కాల్చదు. ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతుంది. ఆ తర్వాత బంకుబాబు తిన్నగా అడ్డాకి వెళ్లి, ఇన్నేళ్లూ తనని ఏడిపించినవాళ్లని కడిగిపారేస్తాడు. అంతే కథ.

1962లో ఇది చిన్న విషయం కాదు. అప్పటిదాకా హాలీవుడ్ సినిమాల్లో గ్రహాంతరవాసి అంటే ఎక్కువగా దండయాత్రే. వచ్చినవాడు మంచివాడు, ఏమీ ఆశించడు, ఒక బక్క మాస్టారికి ధైర్యం ఇచ్చి పోతాడు అన్న ఊహ వేరే చోట పుట్టింది. నాకైతే అది మన పల్లెటూరి కథల్లో దారిన పోయే సాధువు లాగా అనిపిస్తుంది. ఇల్లు అడిగి, అన్నం తిని, వరం ఇచ్చి, తెల్లారేసరికి కనబడకుండా పోయే సాధువు.

1960ల మధ్యలో కలకత్తాలో సైన్స్ ఫిక్షన్ సినిమాల క్లబ్బు ఒకటి పెట్టారు. దానికి శుభాకాంక్షలు పంపమని రాయ్ ఆర్థర్ సి. క్లార్క్‌కి ఉత్తరం రాశారు. అలా పరిచయం. 1966లో లండన్‌లో ఇద్దరూ కలిసినప్పుడు క్లార్క్ అక్కడ స్టాన్లీ కూబ్రిక్‌తో ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ పనిలో ఉన్నారు. రాయ్ తన మనసులో ఉన్న సినిమా ఆలోచన చెప్పారు. క్లార్క్‌కి నచ్చింది. అప్పటికే సిలోన్‌లో స్థిరపడిపోయిన క్లార్క్, అక్కడి తన మిత్రుడు మైక్ విల్సన్‌కి ఈ సంగతి చెప్పారు.

ఈ మైక్ విల్సన్ దగ్గర కాస్త ఆగాలి. సముద్రంలో డైవింగ్ చేసేవాడు. శ్రీలంక తీరంలో మునిగిన ఓడ దగ్గర వెండి నాణేలు బయటపడ్డాయంటే అందులో ఇతని చెయ్యి ఉంది. సింహళంలో మొదటి రంగుల సినిమా ‘రన్ ముత్తు దువ’ (1962) తీసింది ఇతనే. ఆ తర్వాత జేమ్స్ బాండ్‌ని వెక్కిరిస్తూ ఇంకోటి తీశాడు. మాటకారి, హుషారు మనిషి, ఎవరినైనా కలిసేయగలడు. ఇలాంటివాళ్లు మనకి తెలియనివాళ్లు కాదు. ప్రతి సినిమా ఊళ్లోనూ, ఆ మాటకొస్తే ప్రతి స్టార్టప్‌లోనూ ఒకడుంటాడు. పని వాడిది కాదు, కానీ వాడు లేకపోతే పని జరగదని అందరికీ అనిపించేలా చేస్తాడు.

1967లో విల్సన్ కలకత్తాకి వచ్చి దిగాడు. రాయ్ ఎప్పుడూ ఒంటరిగా రాసుకునే మనిషి. అయినా రాస్తున్నంతసేపూ విల్సన్ పక్కనే ఉన్నాడు. ఒకటి రెండు చిన్న సలహాలు ఇచ్చాడు. కొద్దివారాల్లో స్క్రిప్టు సిద్ధమైంది.

కథ ఇది. బెంగాల్లో మంగళ్‌పూర్ అనే ఊరు. ఒక రాత్రి ఆకాశం నుంచి ఏదో వచ్చి తామరల చెరువులో పడుతుంది. తెల్లారేసరికి నీళ్లలోంచి శిఖరం లాంటిది పైకి తేలి కనబడుతుంది. ఊరివాళ్లు అది మునిగిపోయిన గుడి అనుకుని దండాలు పెట్టడం మొదలెడతారు. ఆ ఊళ్లో బజోరియా అనే మార్వాడీ వ్యాపారి ఉన్నాడు. చెరువు తోడించి, చుట్టూ పాలరాయి పరిపించి, తన పేరుతో ఒక ఫలకం పెట్టించాలని ఆయన ఆలోచన. కరువు ప్రాంతంలో బోర్లు వేయడానికి వచ్చిన జో డెవ్లిన్ అనే అమెరికన్ ఇంజనీరు ఉన్నాడు. కలకత్తా నుంచి వచ్చిన మోహన్ అనే విలేకరి ఉన్నాడు. హాబా అనే బిచ్చమెత్తుకునే పిల్లవాడు ఉన్నాడు. నౌకలోంచి వచ్చిన చిన్న జీవి రాత్రిపూట ఊరంతా తిరుగుతుంది. దానికి అన్నీ వింతే, అన్నీ ఆటే. కాలం కాని కాలంలో మామిడి చెట్టుకి కాయలు కాయిస్తుంది. ఒక్క రాత్రిలో వరిచేను పండిస్తుంది. హాబా కలలోకి వెళ్లి వాడితో ఆడుకుంటుంది. చివరికి చిన్న చిన్న ప్రాణుల్నీ, హాబానీ వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది గుడి సంగతి. మన దగ్గర చెరువులో రాయి తేలినా, పుట్ట పగిలినా, వేపచెట్టుకి పాలు కారినా ఏం జరుగుతుందో మనకి తెలుసు. మూడో రోజుకి కొబ్బరికాయల దుకాణం, ఐదో రోజుకి హుండీ. గ్రహాంతర నౌక భూమ్మీద దిగితే న్యూయార్క్‌లో మిలిటరీ వస్తుంది. మంగళ్‌పూర్‌లో పూలదండ వస్తుంది. ఇది ఆ నేల తెలిసినవాడు మాత్రమే రాయగల సీను. రాయ్ అక్కడ ఎవరినీ వెక్కిరించలేదు కూడా. పంట పండింది, చెట్టు కాసింది, దేవుడు కాక ఇంకేమిటి అని వాళ్లనుకోవడంలో తప్పేముంది?

బజోరియా పాత్రకి పీటర్ సెల్లర్స్ అయితే బాగుంటుందని రాయ్ అనుకున్నారు. సెల్లర్స్ అంతకుముందే ‘ది మిలియనీరెస్’ (1960)లో భారతీయ డాక్టరుగా వేశాడు. విల్సన్ చకచకా ప్యారిస్‌లో భోజనం ఏర్పాటు చేశాడు. అప్పటికి సెల్లర్స్ రాయ్ సినిమా ఒక్కటీ చూడలేదు. ‘చారులత’ వేసి చూపించారు. చూశాక, నీ దగ్గరున్న నటులకన్నా నేనేం గొప్పవాణ్ణి, నాతో నీకేం పని అన్న అర్థం వచ్చేలా అన్నాడట. అయినా ఒప్పుకున్నాడు.

తర్వాత హాలీవుడ్. కొలంబియా పిక్చర్స్‌కి ఆసక్తి ఉంది, వెంటనే బయల్దేరి రమ్మని విల్సన్ కబురు పంపాడు. రాయ్ వెళ్లారు. పార్టీలు, పరిచయాలు, పెద్ద పెద్ద పేర్లు. డెవ్లిన్ పాత్రకి మార్లన్ బ్రాండో, జేమ్స్ కోబర్న్ లాంటివాళ్ల పేర్లు అనుకున్నారు. సెల్లర్స్ అప్పుడు ‘ది పార్టీ’ సినిమాలో ముఖానికి గోధుమరంగు పూసుకుని ఇంకో భారతీయుడి వేషం వేస్తున్నాడు. ఈ సందట్లోనే రాయ్ కంట ఒక కాగితం పడింది. ఆయన స్క్రిప్టు సైక్లోస్టైల్ కాపీ. దాని మీద కాపీరైటు 1967, మైక్ విల్సన్, సత్యజిత్ రాయ్ అని ఉంది.

రెండు పేర్లు. అందులోనూ ముందు పేరు విల్సన్‌ది. ఇద్దరి పేర్లు ఉంటే నీకే రక్షణ ఎక్కువ అని విల్సన్ సర్దిచెప్పాడు. మీలో ఎవరైనా రాత్రంతా కూర్చుని రాసిన డిజైన్ డాక్యుమెంటు మీద పొద్దున్నే ఇంకొకరి పేరు చూసి ఉంటే, ఆ క్షణంలో కడుపులో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నాకు ఒకసారి అయింది. నేను చేసిన పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. రాయ్ కూడా అక్కడే గొడవ పెట్టుకోలేదు. ఆ మంచితనమో మొహమాటమో తర్వాత ఖరీదు పడింది.

అడ్వాన్సు పదివేల డాలర్లు విల్సన్ చేతికి అందాయనీ, తనదాకా రాలేదనీ రాయ్‌కి తర్వాత తెలిసింది. కొలంబియా వాళ్లు విల్సన్ తప్పుకుంటే సినిమా తీస్తాం అన్నారు. విల్సన్ తప్పుకోడు. ఇటు 1968లో సెల్లర్స్ తన పాత్ర పూర్తిగా లేదన్నట్టు ఉత్తరం రాసి జారుకున్నాడు. పెద్ద పాత్ర కావాలనుకుంటే ముందే చెప్పొచ్చు కదా అని రాయ్ ఒక సరదా పద్యంతో జవాబిచ్చారు. సుకుమార్ రాయ్ కొడుకు మరి, కోపం వచ్చినా ప్రాసలోనే వస్తుంది.

ఇక విల్సన్ ముగింపు సినిమాలో పెడితే ఎవరూ నమ్మరు. క్లార్క్ నుంచి రాయ్‌కి ఉత్తరం వచ్చింది: విల్సన్ గుండు కొట్టించుకుని దక్షిణ భారతదేశపు అడవుల్లోకి తపస్సుకి వెళ్లిపోయాడని. తర్వాత ఆ స్వామివారి నుంచే ఒక చిన్న ఉత్తరం, స్క్రిప్టు మీద తన హక్కులు వదులుకుంటున్నట్టు. తర్వాతి కాలంలో ఆయన స్వామి శివకల్కి పేరుతో సన్యాసిగానే బతికాడు. హక్కులు చేతికొచ్చేసరికి అటు నటుడు లేడు, ఇటు ఊపు లేదు. రాయ్ కలకత్తాలో ‘గూపీ గాయేన్ బాఘా బాయేన్’ పనిలో పడ్డారు. తాతగారి కథ, పాటలు, దయ్యాల నాట్యం. 1969లో విడుదలై బ్రహ్మాండంగా ఆడింది. ‘ఏలియన్’ మాట మాత్రం ఆయన వదల్లేదు. 1970లలో కూడా ఎవరో ఒకరు మళ్లీ కదిలించేవారు, మళ్లీ ఆగిపోయేది.

1982లో ‘ఇ.టి.’ వచ్చింది.

చిన్న జీవి, మంచిది, మనిషిని పోలిన ఆకారం. వాడిపోయిన పువ్వు మళ్లీ విచ్చుకుంటుంది, గాయం మానుతుంది. స్నేహితుడు ఒక చిన్న పిల్లవాడు. సినిమా చూసిన క్లార్క్ కొలంబో నుంచి రాయ్‌కి ఫోన్ చేసి, పోలికలు చాలా ఉన్నాయి, స్పీల్‌బర్గ్‌కి మర్యాదగా ఒక ఉత్తరం రాయమన్నారు. సైక్లోస్టైల్ కాపీలుగా తన స్క్రిప్టు అమెరికా అంతా తిరిగి ఉండకపోతే ఆ సినిమా సాధ్యమయ్యేది కాదన్నది రాయ్ అభిప్రాయం. కానీ కోర్టుకి వెళ్లలేదు. స్పీల్‌బర్గ్ కాదన్నాడు. ఆ స్క్రిప్టు హాలీవుడ్‌లో తిరిగే రోజులకి తాను హైస్కూల్లో చదువుకునే కుర్రాణ్ణని జవాబు.

ఇక్కడ ఇంజనీరు బుద్ధి కాబట్టి తేదీలు చూశాను. స్పీల్‌బర్గ్ 1946 డిసెంబరులో పుట్టాడు. హైస్కూలు 1965లో పూర్తి చేశాడు. ఆ ఆఖరి ఏడాది చదివింది మా ఇంటికి దగ్గర్లోని సారటోగా హైస్కూల్లో. ఇప్పుడు అదే బడిలో పిల్లల్ని చేర్పించాలని మనవాళ్లు ఇళ్ల ధరలు రెట్టింపైనా వెనక్కి తగ్గరు. స్క్రిప్టు రాసింది 1967లో. కాబట్టి ఆ జవాబు లెక్కకి సరిపోదు.

అయితే జవాబు తప్పు కావడం వేరు, దొంగతనం రుజువు కావడం వేరు. ‘ఇ.టి.’ రాసింది మెలిస్సా మాథిసన్. దాని వెనక స్పీల్‌బర్గ్ సొంత బాల్యం ఉంది, విడిపోయిన తల్లిదండ్రులున్నారు. ‘నైట్ స్కైస్’ అని ఆయన కొలంబియా కోసం మొదలుపెట్టి వదిలేసిన ఇంకో కథ ఉంది. ‘ఇ.టి.’ కూడా మొదట కొలంబియాలోనే ఉండేది. వాళ్లు వద్దనుకుంటే యూనివర్సల్‌కి వెళ్లింది. అంటే ఒకే స్టూడియో పదిహేనేళ్ల తేడాతో రెండు మంచి గ్రహాంతరవాసుల్ని చేజార్చుకుంది. రాయ్ స్క్రిప్టు ఆ స్టూడియో బీరువాలో ఉందన్నదాన్ని బట్టి ఎవరైనా ఏమైనా ఊహించుకోవచ్చు. రెండు కథలూ చదివి, చూసి నేను అనుకునేదేమిటంటే: జీవి ఒకలాంటిదే, కథలు ఒకటి కావు. ‘ఇ.టి.’లో ఇల్లు ఉంది, ఇంటికి వెళ్లాలన్న బెంగ ఉంది. మంగళ్‌పూర్ జీవికి బెంగ లేదు, కుతూహలం ఉంది. ఒకటి శివారు కాలనీలో ఒంటరి పిల్లవాడి కథ, ఇంకోటి ఊరి కథ. నష్టం మాత్రం నిజం. ‘ఇ.టి.’ వచ్చాక రాయ్ తన సినిమా తీస్తే ఆయనే కాపీ కొట్టాడంటారు. కథ పోయినా పోకపోయినా, ముందు చెప్పే వంతు పోయింది.

చట్టం దగ్గరికి వెళ్తే ఈ బాధకి అక్కడ పేరు లేదు. ఆలోచనకి కాపీరైటు ఉండదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుంది. మన దేశంలో దీనికి అందరూ చెప్పే తీర్పు 1978 నాటి ఆర్.జి. ఆనంద్ కేసు. ఆయన ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాశాడు. వేరే వేరే ప్రాంతాల కుటుంబాల పిల్లలు ప్రేమించుకోవడం దాని కథ. 1956లో వచ్చిన ‘న్యూ ఢిల్లీ’ సినిమా తన నాటకమే అని కోర్టుకెక్కాడు. నాటకం గురించి సినిమావాళ్లకి ఆయనే వినిపించాడు కూడా. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇరవై ఏళ్లకి పైగా పట్టింది. చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని నకలే అన్న భావన కచ్చితంగా కలగాలి, పోలికలుంటే చాలదు అన్నారు. ఆయన ఓడిపోయాడు. తీర్పు చదివితే తర్కం సరిగ్గానే ఉంది. ప్రాంతీయ భేదాల మీద ప్రేమకథ ఒకడి సొత్తు అంటే ఇంకెవరూ రాయలేరు. కానీ వినిపించి వచ్చినవాడి వైపు నుంచి చూస్తే ఆ తర్కం చలికి పల్చటి దుప్పటి లాంటిది. అందుకే హైదరాబాద్‌లో రచయితల సంఘంలో స్క్రిప్టు రిజిస్టరు చేయించుకోమని కొత్తవాళ్లకి చెప్తారు. అది ఫలానా రోజుకి ఈ కాగితాలు ఉన్నాయని రుజువు. అంతవరకే. మా వాడు అది కూడా చేయించలేదు. నాలుగు చాయ్‌లకే డబ్బులు వెతుక్కునే రోజులు.

లండన్‌లో రాయ్, క్లార్క్ కలిసిన ఆ రోజుల్లో కూబ్రిక్ మొత్తం ధ్యాస ‘2001’ మీదే. అది విడుదలయ్యాక ఆయన కూడా తీయలేని సినిమా ఒకటి నెత్తికెత్తుకున్నాడు. నెపోలియన్. 1969లో స్క్రిప్టు రాశాడు. నెపోలియన్ ఏ రోజు ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు, ఏం చేశాడు అని వేల కార్డుల మీద రాయించి పెట్టెల్లో వరసగా పెట్టించాడు. మా భాషలో చెప్పాలంటే కాగితం మీద డేటాబేసు. యుద్ధం సీన్లకి రొమేనియా సైన్యం నుంచి వేలమంది సైనికుల్ని అడిగాడు. దూరంగా నిలబడేవాళ్లకి చిరగని కాగితం మీద అచ్చు వేసిన యూనిఫారాలు సరిపోతాయని లెక్క వేశాడు. స్టూడియో ఖర్చు చూసి వెనక్కి తగ్గింది. 1970లో వేరేవాళ్లు తీసిన ‘వాటర్లూ’ సరిగ్గా ఆడకపోవడంతో దారి పూర్తిగా మూసుకుపోయింది. ఆ చదువంతా వృథా పోలేదు, కొంత ‘బారీ లిండన్’ (1975)లో కనబడుతుంది. విచిత్రమేమిటంటే, కూబ్రిక్ ఏళ్లతరబడి తయారుచేసి తీయకుండా వెళ్లిపోయిన ఇంకో కథని ‘ఏ.ఐ.’ పేరుతో 2001లో తెరకెక్కించింది స్పీల్‌బర్గే. కూబ్రిక్ పేరు ముందే వేసి, గౌరవంగా. నెపోలియన్‌ని టీవీ సిరీస్‌గా తీస్తానని కూడా 2013లో ప్రకటించాడు. ఎవరి స్క్రిప్టు ఎవరి చేతికి ఎలా చేరుతుందన్నది, చేరినవాడికీ పోయినవాడికీ మధ్య ఎంత పరిచయం ఉందన్నదాని మీద చాలా ఆధారపడుతుందని నాకు అనుమానం.

మన తెలుగులో ఆగిపోయినవాటికి కొదవ లేదు. ముహూర్తం షాటు కొట్టి, కొబ్బరికాయ పగిలి, పేపర్లో ఫొటో వచ్చి, తర్వాత మాయమైనవి ఎన్నో. అందులో చాలావాటికి పోయిందని ఏడవక్కర్లేదు. గుండె కలుక్కుమనేది ‘నర్తనశాల’. 1963 నాటి సినిమా కాదు, 2004లో బాలకృష్ణ సొంత దర్శకత్వంలో మొదలుపెట్టినది. ద్రౌపదిగా సౌందర్య, భీముడిగా శ్రీహరి. కొద్దిరోజుల షూటింగు అయ్యాక ఏప్రిల్ 17న బెంగళూరు దగ్గర విమానం కూలి సౌందర్య చనిపోయింది. ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరింది ఆవిడ. సినిమా అక్కడితో ఆపేశారు. 2020 దసరాకి ఆ పదిహేడు నిమిషాల ముక్కని ఆన్‌లైన్లో విడుదల చేశారు. అప్పటికి శ్రీహరి కూడా లేడు. కోవిడ్ రోజులు, ఇక్కడ రాత్రి పన్నెండింటికి నేనూ మా ఆవిడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని డబ్బు కట్టి చూశాం. సినిమాగా అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆవిడ నడిచొస్తుంటే మాత్రం ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తీయని స్క్రిప్టులు బీరువాల్లో మగ్గకుండా చేద్దామని హాలీవుడ్‌లో ఒకాయన చేసిన పని గురించి కూడా చెప్పాలి. ఫ్రాంక్లిన్ లెనర్డ్ అని, 2005లో లియొనార్డో డికాప్రియో కంపెనీలో చిన్న ఉద్యోగి. స్క్రిప్టులు చదవడమే పని. పండగ సెలవులకి వెళ్తూ, తనలాంటి ఉద్యోగాల్లో ఉన్న పదుల మందికి పేరు చెప్పకుండా ఈమెయిలు పెట్టాడు: ఇంకా తెరకెక్కనివాటిలో మీకు బాగా నచ్చినవి పది వరకు చెప్పండి, అందరివీ కలిపి మీకు తిరిగి పంపుతాను. వచ్చిన ఓట్లు ఎక్సెల్ షీట్లో వేసి ‘బ్లాక్ లిస్ట్’ అని పేరు పెట్టి పంపాడు. 1950లలో కమ్యూనిస్టులన్న ముద్రతో పని దొరకని రచయితల జాబితా పేరు అది. నల్లజాతీయుడైన లెనర్డ్ ఆ పేరుని కావాలనే మంచికి వాడాడు. అప్పటినుంచి ప్రతి డిసెంబరుకీ వస్తోంది. మొదటి ఏడాది జాబితాలోనే ‘జూనో’ ఉంది, దాని రచయిత్రి డయాబ్లో కోడీకి ఆస్కార్ వచ్చింది. తర్వాత ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’, ‘ది కింగ్స్ స్పీచ్’, ‘ఆర్గో’, ‘స్పాట్‌లైట్’ అన్నీ తీయకముందు ఆ జాబితాలో కనబడ్డవే.

ఇందులో మోసపోకూడనిది ఒకటుంది. జాబితాలో మొదటి స్థానం రావడమంటే సినిమా వచ్చేస్తుందని కాదు. 2009లో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చింది మపెట్ బొమ్మల సృష్టికర్త జిమ్ హెన్సన్ మీద రాసిన స్క్రిప్టుకి. అది సినిమాగా రాలేదు. 2013లో మొదట నిలిచిన ‘హాలండ్, మిషిగన్’ నికోల్ కిడ్మన్‌తో సినిమాగా వచ్చేసరికి 2025 అయింది. పన్నెండేళ్లు. అయినా ఆ జాబితా వల్ల ఒక మేలు జరిగింది. ఈ కథ ఫలానా ఏడాదికే ఉంది, ఫలానావాళ్లు రాశారు అని ఊరందరికీ తెలుస్తుంది. రాయ్ స్క్రిప్టు విషయంలో లేనిది అదే. కాపీలు తిరిగాయి, ఎవరు చదివారో లెక్క లేదు. చదివినవాళ్లెవరూ చదివామని చెప్పలేదు.

తెలుగులో అలాంటిది ఒకటి ఉంటే బాగుండునని ఎప్పుడూ అనుకుంటాను. కథ బయటికి చెప్తే పోతుందని దాచుకోవడమే మన దగ్గర అలవాటు. మా వాడు ఆ భయంతోనే రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూడా ఎవరో చదువుతారన్నాడు. చివరికి అందరికన్నా ముందు ఎవరికి చెప్పకూడదో వాళ్లకే చెప్పాడు.

రాయ్‌కి 1992లో ఆస్కార్ వాళ్లు జీవన సాఫల్య గౌరవం ఇచ్చారు. కలకత్తాలో ఆసుపత్రి మంచం మీద పడుకునే ఆ బొమ్మ పట్టుకుని మాట్లాడారు. మూడు వారాలు దాటి కొద్దిరోజులకే, ఏప్రిల్ 23న పోయారు. ‘బంకుబాబు’ కథ తర్వాత బెంగాలీలో టీవీ సినిమాగా వచ్చింది. ‘ఏలియన్’ పుస్తకంలో ఆయన స్వయంగా గీసుకున్న ఆ జీవి బొమ్మలున్నాయి. పెద్ద తల, పుల్లల్లాంటి కాళ్లు చేతులు. నాకు ఆ స్క్రిప్టు చదువుతుంటే సినిమా లేదన్న లోటు తెలియలేదనడం అబద్ధం. లోటు తెలిసింది. కానీ నీళ్లలోంచి పైకొచ్చిన శిఖరం, దాని ముందు చేతులు జోడించిన ఊరు, అంత కచ్చితంగా కనబడ్డాయంటే అది రాసినందువల్లే. బుర్రలో ఉంచుకుని పోయుంటే అదీ లేదు.

అందుకని మూడు వారాల క్రితం మా వాడికి వాట్సాప్‌లో మెసేజి పెట్టాను. ఒరేయ్, నీ స్క్రిప్టు సాఫ్ట్ కాపీ ఉందా అని. చాలాసేపటికి రెండు నీలం టిక్కులు, మర్నాటికి ఒక ఫైలు. తెరిస్తే అంతా చెత్త. అను ఫాంట్స్ లేని కంప్యూటర్లో ఆ ఫైలు డాలరు గుర్తులూ, కొక్కేలూ, అర్థం కాని అక్షరాలూ తప్ప ఏమీ చూపించదు. కన్వర్టర్లు రెండు మూడు ప్రయత్నించాను, ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. ఇక లాభం లేదని ఆ పాత జెరాక్స్ కాపీ ముందు పెట్టుకుని, రోజూ పిల్లలు పడుకున్నాక యూనికోడ్‌లో టైపు చేస్తున్నాను. నాకు టైపింగు ఎవరూ నేర్పలేదు, రెండు వేళ్లతోనే. ఇంటర్వెల్ సీను దాటాను. ఇప్పుడు మళ్లీ చదివితే అప్పట్లో నాకు కనబడని సంగతులు రెండు కనబడ్డాయి. అవి వాడికి ఫోన్లో చెప్పాలి, మెసేజిలో కాదు.

నిన్న డెబ్బై ఒకటో పేజీలో జెరాక్స్ మసకబారి ఒక మాట తెలియలేదు. ఫొటో తీసి పంపి, ఇది చెరుకా అని అడిగాను. అక్కడ తెల్లవారుజాము. వెంటనే జవాబు వచ్చింది.

“చెరువు రా. హీరోయిన్ వాళ్ల ఊరి చెరువు. మర్చిపోయావా?”